ఫిర్యాదు ఏదీ రాలేదు

1, ఆదివారం

ఈ పుస్తకం మా ఆయన కొనిచ్చారు. “కోపం వస్తే ముందు ఇందులో రాసుకో. మిగిలితే మాతో అను” అన్నారు. మందుల షాపు నడిపే మనిషి కదా, దేనికైనా ఒక మోతాదు చెబుతారు. “మాతో” అంటే తనతోనూ, వాళ్లన్నయ్యతోనూ. బావగారు ముప్పై ఒక్కేళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. ఇంట్లో కూర్చోలేక బాల్కనీకీ వంటింటికీ మధ్య ట్రిప్పులు వేస్తుంటే, నేనే మా కంపెనీ టెస్ట్ ట్రాక్ మీద వ్యాను నడిపే పని ఇప్పించాను. తప్పు నాదే. ఇప్పుడు ఇంట్లోనూ ఆయనే, పనిలోనూ ఆయనే.

ఇవాళ్టి కోపం స్లైడ్ల దొర మీద. మా మేనేజరుకు నేను పెట్టుకున్న పేరు అది. “చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేలా ఒక్క ముక్కలో రాసివ్వండి మేడం” అని ఆదివారం పూట ఫోను. ఆరేళ్ల పని ఒక్క ముక్కలో. రాసిచ్చాను. బండి రేడియోలో మాట్లాడుతూనే వినాలి, అదే దారిలో, అదే క్షణంలో. తన గొంతు తన చెవి పక్కనే మోగుతుంటుంది, అవతలి బండి మాట ఎక్కడినుంచో సన్నగా వస్తుంది. తన గొంతు ఎలా ఉంటుందో తనకు తెలుసు కాబట్టి, విన్నదాంట్లోంచి దాన్ని తీసేయాలి. మిగిలిందే అవతలివాళ్ల మాట.

ఆ “తీసేయాలి” అన్న ఒక్క మాటకే ఆరేళ్లు పట్టింది. అతను చదివి “బాగుంది, బొమ్మ కూడా ఉంటే అదిరిపోయేది” అన్నాడు.

శుక్రవారం ప్రదర్శన. నలుగురు పెద్దమనుషులు వస్తున్నారు. ముందు వ్యాను గట్టిగా బ్రేకు వేస్తే ఆ కబురు వెనక వ్యానుకు చేరాలి, డ్రైవరు కాలు కదపక ముందే అది తనంతట తాను ఆగాలి.

2, సోమవారం

రెండో వ్యానులోని రేడియో పెట్టె కాలిపోయింది. కాపలా గదివాళ్లు నీళ్ల కెటిల్‌ను అదే ప్లగ్గులో దూర్చారట. కాఫీ తాగకపోతే ఈ దేశం ఆగిపోతుంది మరి! అరిచి అరిచి గొంతు పోయింది.

కొత్త పెట్టెలోకి అన్నీ మొదటినుంచి ఎక్కించాలంటే రెండు రోజులు. అంత ఓపిక ఎవరికుంది? మొదటి పెట్టెలో ఉన్నదంతా ఉన్నపళంగా కాపీ చేసి దీంట్లో దించేశాను. నలభై నిమిషాలు. బ్రేకు పరీక్ష పోయిన వారమే అయిపోయింది, మళ్లీ అక్కర్లేదు. నా బుర్రను చూస్తే నాకే ముద్దొస్తోంది.

3, మంగళవారం

భోజనాల దగ్గర బావగారు మొదలుపెట్టారు.

“అమ్మా, ఆ పెట్టె మీది పసుపు దీపం సంగతి కాస్త చూడాలి. రెండు బళ్లూ దగ్గరికొచ్చేసరికి టక్కున ఆరిపోతోంది. పోయిన వారం దాకా అలా లేదు. మినుకు మినుకుమంటూ ఉండేది.”

“ఆరిపోతేనే మంచిది బావగారూ. తీసేయాల్సిన చప్పుడంతా పోయిందని అర్థం.”

“ఏమోనమ్మా. మరీ అంత నిశ్శబ్దం నాకు నచ్చలేదు. చెవిటి బండి నడుపుతున్నట్టుంది.”

ముసలాయన నస. గేరు రాడ్డు పట్టుకున్నవాళ్లందరికీ రేడియో తెలిసిపోతే మేం చదివిన చదువులెందుకు? నెల కిందట బీప్ బీప్ మోత భరించలేక పెట్టె వినే స్విచ్చే కట్టేసి తిరిగారు ఈ మహానుభావుడు. నాలుగు చివాట్లు పెడితే గానీ దారికి రాలేదు. ఇప్పుడు మోత లేదని బాధ. ఉంటే గోల, లేకపోతే దిగులు.

4, బుధవారం

దీపం పూర్తిగా ఆరిపోతున్న సంగతి స్లైడులో పెట్టించాను. ఇన్నేళ్లలో ఇంత శుభ్రం ఎప్పుడూ రాలేదు. స్లైడ్ల దొర నోట మొదటిసారి “వావ్” అని వచ్చింది.

5, గురువారం

మళ్లీ దీపం. మళ్లీ అదే మాట, అదే నెమ్మది గొంతు. నేను చెప్పులు వేసుకుంటుంటే బావగారు గుమ్మం దగ్గర నిలబడి చెప్పారు. లిఫ్టు వచ్చి, తెరుచుకుని, మూసుకుని, వెళ్లిపోయింది.

“రాసుకున్నావా అమ్మా?” అన్నారు.

రాసుకున్నానన్నాను. అబద్ధం కాదు. రాశాను కదా, ఇక్కడ.

6, శుక్రవారం

బావగారు ఆస్పత్రిలో ఉన్నారు. రాయలేను.

7, శనివారం

కాలరు ఎముక విరిగింది. మోకాలి చిప్ప రెండు ముక్కలు. తలకు ఏమీ కాలేదు.

ముందు వ్యాను నడిపే డ్రైవరమ్మ తెల్ల గీత దగ్గర బ్రేకు గట్టిగా తొక్కింది. వెనక వ్యాను ఆగాలి. ఆగలేదు. అదే వేగంతో వస్తూనే ఉంది. కాలు బ్రేకు మీద పెట్టొద్దని ఆయనకు చెప్పింది నేనే, పెడితే అది ప్రదర్శన ఎలా అవుతుంది? ఆఖరి క్షణంలో ఆయన స్టీరింగు మొత్తం పక్కకు తిప్పేశారు. ముందు వ్యానును తప్పించి, నీళ్ల డ్రమ్ముల వరుసను గుద్దుకుని గోడకు ఆనుకున్నారు. నలుగురు పెద్దమనుషులు కాగితం కప్పులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఒకాయన కప్పులోది తాగేశాడు కూడా. చూశాను.

డ్రైవరమ్మ ఆస్పత్రి మెట్ల మీద ఏడుస్తూ కూర్చుంది. “ఆయన తిప్పకపోతే నేనుండేదాన్ని కాదు మేడం” అంది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. సోమవారం లాగ్, అంటే పెట్టెలు పంపిందీ విన్నదీ తమలో రాసుకునే చిట్టా, చూస్తే తెలుస్తుంది.

9, సోమవారం

తెలిసింది.

ముందు పెట్టె “ఆగు” అని పంపింది. ఒకసారి కాదు, తొమ్మిది సార్లు. వెనక పెట్టె లాగ్‌లో ఏమీ లేదు. కడిగిన పలకలా ఉంది. వినే స్విచ్చి కట్టేస్తే లాగ్ ఎలా ఉంటుందో అచ్చం అలా.

మళ్లీ కట్టేశారు! నలుగురి ముందు, నా ఆరేళ్ల పని మీద! ఇంట్లో నా ఎదురుగా కూర్చుని “నచ్చలేదమ్మా” అంటుంటే ఇది చెయ్యబోతున్నారని నాకెందుకు తట్టలేదు? ఆస్పత్రిలో అడిగాను. “నేను ముట్టలేదమ్మా” అన్నారు. కళ్లు నా మీద పెట్టే అన్నారు. అంత తేలిగ్గా ఎలా అనగలిగారో!

10, మంగళవారం

రిపోర్టు రాశాను. “డ్రైవరు వినికిడి స్విచ్చిని నిలిపివేసి ఉండవచ్చును” అన్నాను. స్లైడ్ల దొర “ఉండవచ్చును”ను కొట్టేసి “నిలిపివేసినట్లు లాగ్ వలన తెలియుచున్నది” అని దిద్దాడు. చివర ఇంకో వాక్యం కలిపాడు: “ప్రమాదమునకు ముందు పరికరము గురించి డ్రైవరు నుండి ఫిర్యాదు ఏదీ రాలేదు.” షెడ్డులో తలుపు పక్కన మేకుకు వేలాడే ఫిర్యాదు పుస్తకంలో నిజంగానే ఏమీ లేదు. సంతకం పెట్టాను.

లైసెన్సుల ఆఫీసుకు పంపారు. ఇరవై మూడున విచారణ. పెద్ద బళ్ల లైసెన్సు రద్దు చేస్తారట. ఆయన చొక్కా జేబులో ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది అది. ముప్పై ఒక్కేళ్లలో దాని మీద ఒక్క మచ్చ లేదు.

11, బుధవారం

నిజమే రాశాను. లాగ్‌లో ఉన్నదే రాశాను.

12, గురువారం

లాగ్‌లో ఉన్నదే రాశాను.

13, శుక్రవారం

బావగారిని ఇంటికి తెచ్చాం. వంటింటి పక్క గదిలో మంచం. కాలు కింద రెండు దిళ్లు. గోడ గడియారం టిక్కు టిక్కుమంటోందని తీసేయబోతే “ఉండనీ అమ్మా, తోడుగా ఉంటుంది” అన్నారు. ఈ మనిషేనా బీప్ శబ్దం భరించలేక స్విచ్చి కట్టేసింది?

నోటీసు వచ్చింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడత మీద మడత పెట్టి, దిండు కింద పెట్టుకున్నారు. జతచేసిన రిపోర్టు కింద నా సంతకం ఉంది. దాని మాట ఎత్తలేదు.

ఎత్తింది మా ఆయన. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నా మీద గొంతు లేవనిది ఇవాళ లేచింది.

“అన్నయ్య అబద్ధం ఆడడు.”

“లాగ్ కూడా ఆడదు.”

“లాగ్‌ని రాసిందెవరు?”

“నేను.”

“మరి?”

“మరీ లేదు, గిరీ లేదు. మీకు తెలియని దాంట్లో వేలు పెట్టకండి” అని తలుపు వేసుకున్నాను. గోడకేసి కొట్టడానికి చేతికి ఈ పుస్తకమే దొరికింది. ఇందులో రాసుకోమన్నారు కదా, కొట్టుకోమనలేదు. అట్ట మూల వంగింది.

16, సోమవారం

మూడో పెట్టె వచ్చింది. ఏ మాట ఏ పెట్టెదో నంబరును బట్టే తెలుస్తుంది కాబట్టి, దీనికి మూడో నంబరు ఇవ్వబోయాను. వాడుకలో ఉన్న నంబర్ల జాబితా తెర మీదకు వచ్చింది.

ఒకటి.

ఒకటి.

17, మంగళవారం

పొద్దున్నే వెళ్లి రెండు పెట్టెలనూ బల్ల మీద ఎదురెదురుగా పెట్టాను. మొదటిదాంతో “ఆగు” అనిపించాను. రెండోది ఉలకలేదు, పలకలేదు. పసుపు దీపం టక్కున ఆరిపోయింది. టక్కున. ఆయన వాడిన మాటే.

రెండోదాని నంబరు రెండు చేశాను. మళ్లీ “ఆగు” అనిపించాను. దీపం మినుకు మినుకుమంది, బజరు గదంతా అదిరేట్టు మోగింది.

కాపీ చేసినప్పుడు నంబరుతో సహా దిగిపోయింది. నలభై నిమిషాల తెలివి. నా సొంత నంబరుతో వచ్చిన మాట నా మాటే, ఏ లారీకో గోడకో తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని, తీసి పారెయ్యి: ఆ లైను రాసింది నేను. పారేసినవాటిని లాగ్‌లో ఎక్కించొద్దు, జాగా దండగ: అదీ నేనే. ముందు బండి తొమ్మిదిసార్లు అరిచింది. వెనక బండికి తొమ్మిదిసార్లూ వినపడింది. వినపడి, ఇది నా గొంతే అనుకుని తొమ్మిదిసార్లూ పారేసింది. పారేసిన సంగతి కూడా ఎక్కడా రాసుకోలేదు. ఆ ఖాళీని చూసి నేను ఒక మనిషిని అబద్ధాలకోరని తేల్చాను.

దీంట్లో నీతి ఉందని ఎవరైనా నాతో అంటే సోల్డరింగ్ కడ్డీతో వాత పెడతాను. నీతి నాకక్కర్లేదు. ఆయన మోకాలు రెండు ముక్కలైంది.

18, బుధవారం

స్లైడ్ల దొరకు చెప్పాను. బల్ల మీద పెట్టి చూపించాను కూడా. బజరు మోగినప్పుడు చెవులు మూసుకున్నాడు.

“మంచిది మేడం, దొరికింది కదా. సరిచేసెయ్యండి.”

“రిపోర్టు వెనక్కి తీసుకోవాలి సార్.”

“అయిన పెళ్లికి మేళం ఎందుకు మేడం? ఆయన వయసుకి ఆ లైసెన్సు ఉంటే ఎంత, ఊడితే ఎంత? ఇక్కడ తప్పు పరికరానిదని తేలితే ఇరవైమంది పని పోతుంది.”

“తప్పు పరికరానిదే. నాది.”

“మీరంటే నమ్మాలిగా! ఆయన మీ ఇంటి మనిషి. కాపాడుకోవడానికి వారం తర్వాత కొత్త కథ అల్లారంటారు. ఇవాళ మీరు నంబరు మార్చి చూపించారు, ఆ రోజు కూడా రెండింటికీ ఒకటే ఉందని ఏమిటి రుజువు? అంత తేడా ఉంటే ఆయన ముందే ఎందుకు చెప్పలేదు?” లేచి వెళ్లి, మేకుకున్న ఫిర్యాదు పుస్తకం తెచ్చి నా ముందు తెరిచాడు. “చూడండి. తెల్ల కాగితం. ఫిర్యాదు ఏదీ రాలేదు.”

ఆ పుస్తకం అతని మొహాన విసిరి వచ్చి ఉంటే బాగుండేది. విసరలేదు. జాగ్రత్తగా మేకుకు తగిలించి వచ్చాను.

ఫిర్యాదు ఏదీ రాలేదు. ఫిర్యాదు ఏదీ

ఈ పుస్తకాన్నే వెనక్కి తిప్పాను. మూడో తేదీ. అయిదో తేదీ.

ఉంది. నా చేతిరాతతోనే ఉంది. “రెండు బళ్లూ దగ్గరికొచ్చేసరికి టక్కున ఆరిపోతోంది. పోయిన వారం దాకా అలా లేదు.” ఇంజనీరు కూడా అంత పొందిగ్గా చెప్పలేడు. ఎప్పుడు, ఎక్కడ, ఏది, ఎప్పటినుంచి, నాలుగూ ఉన్నాయి. నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, కింద ఆయన్ని తిట్టుకుని, పడుకున్నాను.

19, గురువారం

బావగారి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. మధ్యలో అడ్డు రాలేదు. ఆయన ఎప్పుడూ ఎవరికీ అడ్డు రారు. అంతా విని ఒక్కటే అడిగారు.

“అయితే నేను స్విచ్చి ముట్టలేదన్నమాట.”

“లేదు బావగారూ.”

“హమ్మయ్య.” కళ్లు మూసుకున్నారు. “నువ్వంత గట్టిగా అంటుంటే, ఏమోలే, పొరపాటున మోచెయ్యి తగిలిందేమో అనుకున్నానమ్మా. పదిరోజులుగా అదే ఆలోచన. చెయ్యి ఎక్కడుంది, ఎక్కడుంది అని.”

నన్ను తిట్టి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు నా మీద నాకు.

“మీరు పుస్తకంలో ఎందుకు రాయలేదు?” అని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో!

“అందులో రాస్తే నీకు మాటొస్తుంది కదమ్మా. పెద్దమనుషులొచ్చే ముందు నా రాత ఎందుకు, ఇంట్లో చెప్తే సరిపోతుందిలే అనుకున్నా. రాసుకున్నానన్నావుగా.”

వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి అలాగే నిలబడ్డాను. బిందె నిండి పొర్లింది.

ఆయనకు మూడో తేదీ పేజీ చూపించాను. చదివారు. “ముసలాయన నస” దగ్గర ఒక్క క్షణం ఆగి మళ్లీ చదివారు. స్విచ్చి కట్టేసినందుకు చివాట్లు పెట్టిన సంగతి కూడా అందులోనే ఉంది. అది ఆయనకే ఎదురు తిరగొచ్చు.

“ఆ నాలుగు లైన్లు కొట్టేసి ఇవ్వనా?”

“ఒక్క అక్షరం కొట్టెయ్యకు” అన్నారు గుమ్మంలో నిలబడి వింటున్న మా ఆయన. పళ్లు బిగించి అన్నారు. “కొట్టేస్తే దేన్ని దాచావా అని చూస్తారు. మొత్తం ఇవ్వు. వాళ్లు చదవనీ. అన్నయ్య విననీ.”

ఆ చివరి మాట నా కోసమే అన్నారు. సరే. పడాల్సిన శిక్షే.

23, సోమవారం

మూడో తేదీ పేజీని స్కేలు పెట్టి చించి తీసుకెళ్లాను. సంచీలో రెండు పెట్టెలు.

విచారణ గదిలో పొడుగు బల్ల, అరిగిన ఫైళ్లు, శబ్దం చేసే ఫ్యాను. అధికారిణి జుట్టంతా నెరిసిన మనిషి. చక్రాల కుర్చీలో బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ప్లాస్టిక్ తొడుగుతో. స్లైడ్ల దొర నన్ను చూసి లేచాడు. “మేడం ఇవాళ రానక్కర్లేదండీ, రిపోర్టే చాలు” అన్నాడు అధికారిణితో. “వచ్చారుగా, కూర్చోనివ్వండి” అంది ఆవిడ.

పెట్టెలు బల్ల మీద పెట్టి చూపించాను. ఒకే నంబరుతో ఒకసారి, వేరే నంబర్లతో ఒకసారి. బజరుకు బయటి వసారాలోని జనం కూడా తొంగి చూశారు.

“ఆ రోజు నంబర్లు ఒకటేనని ఎలా తెలుసు?” అంది.

“కాపీ చేసిన తేదీ, వేళ పెట్టెలోనే ఉన్నాయి. ఆ తర్వాతి రోజే డ్రైవరు నాతో చెప్పారు. ఇదిగో.”

ఆవిడ పేజీని గుమాస్తాకు ఇచ్చింది, పైకి చదవమని. అతను రేషను జాబితా చదివినట్టు చదువుకుంటూ పోయాడు. దీపం, టక్కున, మినుకు మినుకు. తర్వాత ఆగాడు. నావైపు చూశాడు.

“చదవండి” అంది ఆవిడ.

“ముసలాయన నస” అని చదివాడు. గేరు రాడ్డు చదివాడు. మహానుభావుడు చదివాడు. బావగారు మోకాలి కట్టు మీద చేత్తో సవరించుకుంటున్నారు, అక్కడ సవరించాల్సిందేమీ లేదు.

“ఈ రిపోర్టు మీద సంతకం ఎవరిది?”

“నాది.”

“నంబరుతో సహా కాపీ చేసింది?”

“నేనే. పారేసే లైను రాసిందీ నేనే. ఫిర్యాదు వచ్చింది. వచ్చింది నాకే.”

ఈ మాటలు అరిచినట్టు అన్నానని తర్వాత మా ఆయన చెప్పారు.

రిపోర్టు కొట్టేశారు. లైసెన్సు ఉంచారు. పేజీ నకలు తీసుకున్నాక అసలుది పంపిస్తామన్నారు. కంపెనీలో విచారణ పూర్తయ్యేదాకా నన్ను పనిలోకి రావద్దని స్లైడ్ల దొర మెట్ల మీదే చెప్పాడు. ఈసారి మాత్రం నిజంగా ఒక్క ముక్కలో.

ఆటో కోసం నిలబడ్డప్పుడు బావగారి ముందు తల ఎత్తలేకపోయాను. “ఆ మాట...” అన్నాను.

“నసేనమ్మా” అన్నారాయన. “నస కాకపోతే ఒకే మాట రెండుసార్లు చెప్తానా?”

నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయనకు కూడా పూర్తిగా రాలేదు.

27, శుక్రవారం

పేజీ వెనక్కి వచ్చింది. పైన గుండ్రటి ముద్ర, కింద గుమాస్తా పొట్టి సంతకం. జిగురు పెట్టి దాని చోట అంటించాను. కొంచెం వంకరగా కూర్చుంది.

ఆఫీసంతా చదివేశాక ఇది ఇంకా నా సొంత పుస్తకమేమిటి? బావగారి ఒళ్లో పెట్టాను. “మీ ఇష్టం వచ్చింది రాయండి. ఎన్ని తిట్లయినా సరే. ఈసారి చదువుతాను” అన్నాను.

ఆయన కళ్లద్దాలు వెతుక్కున్నారు. ఎడమ చెయ్యి కట్టులో ఉంది కాబట్టి పుస్తకం జారుతుంటే నేను పట్టుకున్నాను. స్కేలు అడిగారు. డిపోలో ముప్పై ఒక్కేళ్లు రాసిన అలవాటు, ముందు గీతలు గీశారు. తర్వాత గుండ్రటి అక్షరాలతో, నెమ్మదిగా:

“తేది: 3. వాహనం: వెనక వ్యాను. ఫిర్యాదు: రెండు బళ్లు దగ్గరికి వచ్చినప్పుడు పసుపు దీపం ఆరిపోతున్నది. దయచేసి చూడగలరు.”

సంతకం పెట్టారు. తిట్టు లేదు. ఒక్కటి కూడా లేదు.

దాని కింద ఇంకో గీత గీసి, “తీసుకున్న చర్య” అని రాసి, పక్కన రెండు లైన్లు ఖాళీ వదిలి, పెన్ను నాకిచ్చారు.

పొద్దుటినుంచి ఆ రెండు లైన్ల ముందు పెన్ను పట్టుకుని కూర్చున్నాను.